వ్యాయామ వేళ రక్తపోటు: ధమనుల లోపొర పాత్ర

విశ్రాంతిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపే గుండె, తీవ్ర వ్యాయామంలో 20 లీటర్ల వరకు పంపుతుంది. ప్రవాహం నాలుగింతలైనా పీడనం నాలుగింతలు కాదు. పనిచేసే కండరాలలోని సూక్ష్మధమనులు వ్యాకోచించి నిరోధాన్ని తగ్గించడమే ఇందుకు కారణం. అందువల్ల సిస్టాలిక్ పీడనం పెరిగినా డయాస్టాలిక్ పీడనం దాదాపు మారదు.

ఈ వ్యాకోచంలో ధమనుల లోపొరకు, అనగా ఎండోథీలియానికి, ముఖ్య పాత్ర ఉన్నది. ప్రవహించే రక్తపు ఒరిపిడి పెరిగినప్పుడు లోపొర కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. అది ధమని గోడలోని నునుపు కండరాన్ని సడలిస్తుంది. లోపొర నుండి ఇటువంటి సడలింపు కారకమొకటి వెలువడుతుందని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో నిరూపించారు. ఆ కారకం ఒక వాయువని తర్వాత తేలడం విశేషం. 1998లో ఆయనకు, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

లోపొర మందగిస్తే ధమని తగినంత విచ్చుకోదు. వ్యాయామంలో సిస్టాలిక్ పీడనం పురుషులలో 210, స్త్రీలలో 190 మి.మీ.కు చేరితే అతిస్పందనగా పరిగణించడం పరిపాటి. విశ్రాంతిలో 120/80 ఉన్నవారిలోనూ ఇది కనిపించవచ్చు. వారికి మున్ముందు అధిక రక్తపోటు వచ్చే అవకాశం హెచ్చు. పీడనమే లోపొరను దెబ్బతీస్తుందా, లోపొర వైఫల్యమే పీడనాన్ని పెంచుతుందా అన్న ప్రశ్నకు ఏకపక్ష సమాధానం లేదు. ఒకటి మరొకదానిని పెంచుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఈసీజీని మాత్రమే చదివి పీడనపు అంకెను విస్మరించడం సరికాదు. అతిస్పందన ఉన్నదని వ్యాయామాన్నే మాన్పించడం అంతకన్నా పొరపాటు: వైద్య పర్యవేక్షణలో క్రమంగా సాగే నడక లోపొర పనితీరును మెరుగుపరుస్తుంది.