కొలత తప్పితే జేబు గుల్ల!

వంటింటికి సాలిడ్ సర్ఫేస్ గట్టు వేయించాలనుకుంటున్నారా? అయితే రంగు కంటే ముందు షీటు సైజు చూసుకోండి. ఒక్క అంగుళం తేడా ఒక్కోసారి సగం షీటు ఖరీదు చేస్తుంది మరి!

నల్ల గ్రానైట్ గట్టు చూసి చూసి విసుగొచ్చింది. ఈసారి అతుకు కనిపించని తెల్లటి గట్టు కావాలని ఇల్లాలి కోరిక. షోరూముకి వెళ్లారు, రంగు నచ్చింది. ఇంటికొచ్చి టేపు పట్టుకుని కొలిస్తే గట్టు మొత్తం 28 చదరపు అడుగులు. షీటేమో 30 చదరపు అడుగులు. ‘ఒకటి చాలు, ఇంకా రెండడుగులు మిగులుతుంది’ అని ఇంటాయన లెక్కేసుకున్నాడు. పనికొచ్చిన ఫ్యాబ్రికేటర్ మాత్రం ‘ఒకటి చాలదండీ’ అన్నాడు. ఇంకేముంది... ‘మనల్ని ముంచేస్తున్నాడు’ అని అనుమానం!

నిజానికి ఇద్దరి లెక్కా తప్పు కాదు. ఇంటాయన చదరపు అడుగులు లెక్కేశాడు. పనాయన ముక్కలు లెక్కేశాడు. గట్టు తయారయ్యేది ముక్కలతోనే.

ఇంతకీ ఏమిటిది?

రాయి కాదు, చెక్కా కాదు. బాక్సైట్ ఖనిజం నుంచి తీసే అల్యూమినా ట్రైహైడ్రేట్ పొడి సుమారు రెండొంతులు, యాక్రిలిక్ రెజిన్ ఒక వంతు కలిపి పలకలుగా పోస్తారు. అమెరికా కంపెనీ డ్యూపాంట్ 1967లో ‘కోరియన్’ పేరుతో దీన్ని రూపొందించింది. తర్వాత మరెన్నో కంపెనీలు ఇదే తరహా పలకలు తెచ్చాయి. పైనుంచి అడుగుదాకా ఒకే రంగు. సన్నటి రంధ్రాలుండవు కాబట్టి నీళ్లూ నూనే లోపలికి ఇంకవు. పసుపు మరక పడ్డా, గీత పడ్డా రుద్ది పోగొట్టుకోవచ్చు. అదే రంగు జిగురుతో అతికించి సానపడితే అతుకు దాదాపు కనిపించదు.

గట్టుకి వాడే షీటు మందం సాధారణంగా 12 మిల్లీమీటర్లు. పొడవు 12 అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు... అంటే 144 అంగుళాలకు 30 అంగుళాలు. కంపెనీని బట్టి పొడవు 3,658 మి.మీ. లేదా 3,680 మి.మీ. ఉంటుంది. వెడల్పు 760 మి.మీ. కొన్ని కంపెనీలు కొన్ని రంగుల్లో 930 మి.మీ. వెడల్పు షీట్లూ ఇస్తాయి. 6 మి.మీ. షీట్లు ప్రధానంగా గోడలకు వాడేవి. ధర తక్కువని వాటిని గట్టుకి ఒప్పుకోకండి.

లెక్క ఎక్కడ తప్పింది?

పైన చెప్పిన వంటింటినే తీసుకుందాం. ‘ఎల్’ ఆకారం. ఒక గోడ 9 అడుగులు, రెండోది 7 అడుగులు. గట్టు లోతు 2 అడుగులు. మూల రెండు వైపులకూ ఉమ్మడి కాబట్టి రెండో గోడ పక్క కావాల్సిన ముక్క 5 అడుగులే. మొత్తం 14 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు. అంటే 28 చదరపు అడుగులు.

షీటు పొడవు 12 అడుగులే కదా! 9 అడుగుల ముక్క తీశాక మిగిలేది 3 అడుగులు. కావాల్సింది 5. మిగతా విస్తీర్ణమంతా పక్కన అరడుగు వెడల్పు పట్టీగా ఉండిపోతుంది. దాన్ని గట్టుగా పరచలేం. అందుకే చదరపు అడుగుల్లో సరిపోయినా, కోతలో రెండడుగులు తక్కువొస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. సగం షీటు అమ్ముతారేమో ముందే అడగండి. ఆరడుగుల సగం షీటులో ఆ 5 అడుగుల ముక్క హాయిగా వస్తుంది. లేదంటే పొయ్యి ఉండేచోట రెండున్నర అడుగుల మేర గ్రానైట్ వేసుకోండి. అప్పుడు మిగతా పదకొండున్నర అడుగులూ ఒక్క షీటులోనే వచ్చేస్తాయి. పైగా పొయ్యి మీంచి దించిన కుక్కర్ని నేరుగా పెట్టినా గ్రానైట్ తట్టుకుంటుంది. సాలిడ్ సర్ఫేస్‌ మీద మాత్రం కింద స్టాండు ఉండాల్సిందే. అయితే రెండింటి మధ్య గీత కనిపిస్తుంది, మందాలు వేరు కాబట్టి అడుగున ఎత్తు సరిచేయాలి. వెనక స్కర్టింగ్‌కి ఒక్క షీటు పట్టీ చాలదు, గోడకి టైల్సే గతి. ఇవన్నీ ఒప్పుకుంటేనే సుమా!

అంగుళంలో ఉంది కిటుకు

పక్కన మిగిలే పట్టీ వృథా అనుకోకండి. గట్టు ముందు అంచు మందంగా కనిపించేందుకు అడుగున అతికించే ఒకటిన్నర అంగుళాల పట్టీ, గోడ వెంట వేసే 4 అంగుళాల స్కర్టింగ్... రెండూ అందులోంచే తీస్తారు. ఇక్కడే లోతు సంగతి తేలుతుంది.

గట్టు లోతు 25 అంగుళాలు అనుకోండి. పాతికకి నాలుగు, ఒకటిన్నర కలిపితే ముప్ఫైన్నర. షీటు ముప్ఫయ్యే! రెండు పట్టీల్లో ఒకదానికి వేరే షీటు వెతుక్కోవాలి. అదే లోతు 24 అయితే? ఇరవై తొమ్మిదిన్నర. రంపం ప్రతి కోతకీ పొడి చేసేది సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు కోతలకి పావు అంగుళం వేసుకున్నా ఇరవై తొమ్మిదీ ముప్పావు. షీటులో సరిగ్గా ఇమిడిపోతుంది. కింది క్యాబినెట్లు చేయించక ముందే ఈ అంగుళం సంగతి తేల్చుకోవాలి.

వంటింటి మధ్యలో మూడడుగుల వెడల్పు బల్ల కావాలంటే 30 అంగుళాల షీటుని పొడవునా అతకాల్సిందే. అలాంటప్పుడు 930 మి.మీ. షీటు దొరుకుతుందేమో అడగడం మేలు.

అతుకు ఎక్కడ?

కనిపించదు కదా అని ఎక్కడపడితే అక్కడ అతికించకూడదు. సింకు కోసిన చోట, పొయ్యి అమర్చిన చోట, డిష్‌వాషర్ పైన అతుకు వద్దు. వేడికీ బరువుకీ పగుళ్లొచ్చేది అక్కడే. ‘ఎల్’ లోపలి మూల కత్తితో కోసినట్టు కాకుండా గుండ్రంగా తిప్పాలి. అతుకు మూలకి కాస్త పక్కగా ఉండాలి. చారల డిజైన్ అయితే ముక్కని అడ్డం తిప్పగానే చారలూ అడ్డం తిరుగుతాయి. వాటిని కలపాలంటే మెటీరియల్ ఎక్కువ పడుతుంది. చిన్న చుక్కలవాటితో ఆ బాధ లేదు.

రెండు షీట్లు కొంటే రెండింటి మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. ఒకే రంగు పేరున్నా బ్యాచ్ మారితే ఛాయలో తేడా రావచ్చు. అతికించాక తెలిస్తే చేసేదేం లేదు.

లిఫ్టులో పడుతుందా?

షీటు బరువు 55-60 కిలోలుంటుంది. పన్నెండు అడుగుల పలక అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. అందుకే వర్క్‌షాపులో కోసి తెచ్చి, ఇంట్లో అతికిస్తారు. ఎంత పొడవు ముక్క మీ వంటింటిదాకా రాగలదో ముందే కొలవండి. అతుకులెన్నో నిర్ణయించేది ఒక్కోసారి మీ మెట్లే!

డబ్బు కట్టేముందు షీటులో ఏ ముక్క ఎక్కడ కోస్తారో కాగితం మీద గీసి ఇమ్మనండి. మిగిలిన ముక్కలు మీవే అని బిల్లు మీద రాయించుకోండి. పైన చెప్పిన ఇంట్లో షీటున్నర తీసుకుంటే మూడడుగుల ముక్క మిగులుతుంది. దేవుడి గూటికో, వాష్‌బేసిన్ గట్టుకో పనికొస్తుంది. సింకు కోసం కోసి తీసిన ముక్కనీ పారేయనివ్వకండి. రేపెప్పుడైనా గట్టు దెబ్బతింటే అదే రంగు ముక్క అక్కరకొస్తుంది.

అంతా గందరగోళంగా ఉందా? చదవడం అయ్యాక ఈ పేపరుతోనే తేల్చేసుకోండి. అడుక్కి ఒక అంగుళం లెక్కన 12 అంగుళాల పొడవు, రెండున్నర వెడల్పుతో పట్టీలు కత్తిరించండి. అవే షీట్లు. మీ గట్టు కొలతలతో వేరే ముక్కలు కత్తిరించి వాటి మీద పేర్చండి. పిల్లల చేతికిస్తే ఇంకా తొందరగా పేర్చేస్తారు. ఎన్ని పట్టీలు పడితే అన్ని షీట్లు. ఆ తర్వాతే రంగు సంగతి!