జుగాడ్ బండి

ఎద్దుల బండికి ఇరుసు, నొగలు ఉంటాయి కదా! బరువంతా వాటి మీదే. మోటారు బండిలో ఆ బరువు మోసేది అడుగున ఉండే ఇనుప చట్రం. దాన్నే ఛాసిస్ అంటారు.

రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కొందరు ఈ చట్రాన్ని తామే వెల్డింగు చేసుకుంటారు. పైన చెక్క పలకలు పరుస్తారు. నీళ్లు తోడే డీజిల్ ఇంజను బిగిస్తారు. పాత జీపు చక్రాలు వేస్తారు. అదే జుగాడ్ బండి. మట్టి దారిలోనూ పోతుంది. తెలివైన పనే!

కానీ వెల్డింగు అతుకు గట్టిగా లేకపోతే గతుకుల్లో ఊడుతుంది. బ్రేకులూ అంతంత మాత్రమే. అందులో ఎక్కేది ఎవరు? కూలికి పోయే ఆడవాళ్లు, పిల్లలు కూడా.

ఇదీ మోటారు వాహనమేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఉండాలి. లేకుండా నడిపితే, ప్రమాదం జరిగితే? దెబ్బ తగిలినవాళ్లకు ఏ కంపెనీ డబ్బు ఇవ్వదు. బండి సొంతదారే ఇచ్చుకోవాలి. అతని దగ్గర ఉంటే కదా!