సబ్‌స్టేషన్లలో కొలత పరికరాల పరీక్ష: మీటరు ఒక్కటే సరిగా ఉంటే చాలదు

అధిక వోల్టేజి లైనులో ప్రవహించే విద్యుత్తును మీటరుతో నేరుగా కొలవడం సాధ్యపడదు. 132 కె.వి. లైనులోని వందలాది ఆంపియర్ల కరెంటును కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు (సి.టి.) 1 లేదా 5 ఆంపియర్లకు, వోల్టేజిని పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మరు (పి.టి.) 110 వోల్టులకు తగ్గించి అందిస్తాయి. వీటి ఆధారంగా మీటరు యూనిట్లను లెక్కిస్తుంది. ట్రాన్స్‌డ్యూసరు అదే విద్యుత్తును 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతంగా మారుస్తుంది. లోడ్ డిస్పాచ్ కేంద్రంలో కనిపించే మెగావాట్ల అంకెకు ఈ సంకేతమే ఆధారం.

ఈ పరికరాలలో దోషం స్వల్పమే అయినా దాని భారం స్వల్పం కాదు. ఒక లైనుపై 100 మెగావాట్లు రోజంతా సరఫరా అయితే 24 లక్షల యూనిట్లు అవుతాయి. అందులో అర శాతం తేడా అంటే రోజుకు 12,000 యూనిట్లు. యూనిట్ ధరను ఉదాహరణకు 5 రూపాయలుగా తీసుకుంటే ఏడాదికి సుమారు 2 కోట్ల 19 లక్షల రూపాయలు. ఈ తేడా సాధారణంగా ఒకే దిశలో కొనసాగుతుంది గనుక, ఒకరోజు నష్టం మరొకరోజు లాభంతో సరిపోతుందని భావించడానికి వీలులేదు.

సి.టి.పై ముద్రించిన 0.5 తరగతి అనే అంకె కూడా తరచు అపార్థానికి తావిస్తున్నది. ఆ పరిమితి పూర్తి కరెంటుకు మాత్రమే వర్తిస్తుంది. కరెంటు 20 శాతానికి తగ్గినప్పుడు 0.75 శాతం, 5 శాతానికి తగ్గినప్పుడు 1.5 శాతం వరకు దోషాన్ని ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. రాయలసీమలోని సౌర విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల ఉదయం, సాయంత్రం వేళల్లో లైను ఈ స్వల్ప భారంతోనే నడుస్తుంది. ఇటువంటి చోట్ల తక్కువ కరెంటు వద్ద కూడా ఖచ్చితత్వం నిలుపుకొనే 0.2ఎస్ తరగతి సి.టి.లు అవసరం.

ట్రాన్స్‌డ్యూసరును పరీక్షించేటప్పుడు ప్రామాణిక పరికరం నుండి తెలిసిన వోల్టేజిని, కరెంటును పంపి, వెలువడే సంకేతాన్ని సరిచూస్తారు. 100 మెగావాట్ల పరిధి గల ట్రాన్స్‌డ్యూసరు 50 మెగావాట్ల వద్ద 12 మిల్లీ ఆంపియర్లు చూపాలి. 12.08 చూపితే కేంద్రంలో 50.5 మెగావాట్లుగా నమోదవుతుంది. సున్నా విద్యుత్తుకు 4 మిల్లీ ఆంపియర్లు నిర్ణయించడానికి కారణం లేకపోలేదు: తీగ తెగితే సంకేతం పూర్తిగా ఆగిపోతుంది, కాబట్టి ఆ లోపాన్ని ఖాళీ లైనుగా పొరబడే అవకాశం ఉండదు.

సవరణకు ముందున్న రీడింగును తప్పనిసరిగా నమోదు చేయాలి. గడచిన కాలపు బిల్లుపై వివాదం తలెత్తితే పరిశీలనకు నిలిచేది ఆ అంకె మాత్రమే. సిబ్బంది తొందరలో ముందుగా సరిచేసి, తరువాత రాసుకోవడం వల్ల ఈ ఆధారం చెరిగిపోతుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో జారీ చేసిన మీటర్ల నిబంధనలు ఇంటర్‌ఫేస్ మీటర్లను కనీసం 5 సంవత్సరాలకు ఒకసారి పరీక్షించాలని నిర్దేశించాయి. సి.టి., పి.టి.ల ఖచ్చితత్వం వాటికి అనుసంధానించిన మీటరు కంటే తక్కువగా ఉండరాదని కూడా పేర్కొన్నాయి. అందుచేత ‘మీటరును పరీక్షించాము, సరిగానే ఉన్నది’ అన్న సమాధానం వచ్చినప్పుడు సి.టి., పి.టి.లను కూడా పరీక్షించారా అని పాత్రికేయులు అడగడం సముచితం. ఈ పరీక్ష వాయిదా పడటానికి ప్రధాన కారణం, సాధారణంగా దీనికోసం లైనుకు సరఫరా నిలిపివేయవలసి రావడమే.

లైనులో కరెంటు ప్రవహిస్తుండగా సి.టి. ద్వితీయ వలయాన్ని ఏ పరిస్థితిలోనూ తెరవరాదు. తెరిచిన కొనల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజి ఏర్పడుతుంది. మీటరును లేదా ట్రాన్స్‌డ్యూసరును విడదీయడానికి ముందు టెస్ట్ బ్లాకు వద్ద ఆ కొనలను షార్టింగ్ లింకుతో కలిపి, కలిసినట్లు నిర్ధారించుకున్న తరువాతనే పని ప్రారంభించాలి.