అశ్వ వెన్నెముకలోని సిరాజాలం: నిర్మాణం, చికిత్సాపరమైన ప్రాధాన్యం

శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి పెద్ద జంతువులపై జీవవైద్య పరిశోధనకు నెలకొల్పిన జాతీయ కేంద్రం వంటి చోట్ల, మత్తుసూది వేసేవారికి వెన్నెముకలోని సిరల అమరిక తెలిసి ఉండడం అవసరం. గుర్రం ఇందుకు చక్కని ఉదాహరణ.

గుర్రం వెన్నుపాము త్రికాస్థి రెండవ పూస దరిదాపుల్లో ముగుస్తుంది. సూది దిగేది అంతకు వెనుక, తోక మొదటి రెండు పూసల నడుమ. కనుక భయం వెన్నుపాము గురించి కాదు, సిరల గురించి. వెన్నెముక కాలువ అడుగున, డ్యూరా పొరకు వెలుపల, కొవ్వులో ఒదిగి పలుచని గోడలు గల రెండు సిరలు కుడి ఎడమలుగా నిడుపునా సాగుతాయి. అడ్డ శాఖలు వీటిని కలుపుతాయి. పూసల సందుల గుండా వెలువడే శాఖలు ఛాతీ భాగంలో ప్రధానంగా కుడి అజైగస్ సిరకూ, నడుము భాగంలో పరమహాసిరకూ రక్తాన్ని చేరుస్తాయి.

ఈ జాలంలో కవాటాలు లేవు. పీడనం తక్కువైన వైపుకే రక్తం మళ్లుతుంది. మానవులలో దీని ప్రాముఖ్యాన్ని 1940లో బాట్సన్ నిరూపించాడు. ప్రసవవేళ ఆడగుర్రం ముక్కుతున్నప్పుడు ఉదర పీడనం పెరిగి, రక్తం ఈ సిరల్లోకి మళ్లి అవి ఉబ్బుతాయి. ముక్కడాన్ని ఆపే మందు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే! సూదిమొన కాలువ అడుగును తాకితే సిర చిల్లుపడి, మందు రక్తంలో కలిసిపోతుంది. అందుకే ముందుగా సిరంజిని వెనక్కు లాగి చూస్తారు. రక్తం రానంత మాత్రాన నిశ్చింత తగదు. పలుచని సిర ఆ లాగుడుకే ముడుచుకుపోవచ్చు. మందును నెమ్మదిగా ఎక్కించమనడానికి ఇదీ ఒక కారణమే.