మిలటరీ హోటళ్లలో బస: ఎవరెవరికి అర్హత?

మావారు అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో చేరినప్పటినుంచి స్నేహితురాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డిస్నీలో మిలటరీ వాళ్లకి వేరే హోటల్ ఉందటగా, మాకూ ఇస్తారా?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అంతా చేతిలో ఉన్న కార్డుని బట్టి ఉంటుంది.

ముందు ఆ హోటళ్ల సంగతి. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో షేడ్స్ ఆఫ్ గ్రీన్, హవాయిలో వైకికీ బీచ్ ఒడ్డున హలే కోవా, జర్మనీలో గార్మిష్ దగ్గర ఎడెల్‌వైస్ లాడ్జ్ పేరున్నవి. ఇవి కాక బేస్‌లలో లాడ్జిలు, క్యాబిన్లు, క్యాంపింగ్ స్థలాలు ఉంటాయి. షేడ్స్ ఆఫ్ గ్రీన్, హలే కోవాల్లో గది అద్దె ర్యాంకుని బట్టి మారుతుంది. చిన్న ర్యాంకు వాళ్లకి తక్కువ పడుతుంది.

సర్వీసులో ఉన్నవాళ్లు, నేషనల్ గార్డ్, రిజర్వ్ వాళ్లు, రిటైరైనవాళ్లు, వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలు అర్హులు. పిల్లలకి 21 ఏళ్లు వచ్చేదాకా, ఫుల్‌టైమ్ కాలేజీలో చదువుతుంటే 23 దాకా ఈ హక్కు ఉంటుంది. భార్య అమెరికా పౌరురాలు కాకపోయినా కార్డు వస్తుంది. మ్యారేజ్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ సిద్ధంగా ఉంచుకోండి. ఆయన దూరంగా డ్యూటీలో ఉంటే, ఆయన సంతకం చేసి నోటరీ చేయించిన 1172-2 ఫారంతో మీరే వెళ్లి కార్డు తెచ్చుకోవచ్చు.

నాలుగైదేళ్లు చేసి బయటికి వచ్చేసినవాళ్ల సంగతే చాలామందికి తెలియదు. 2018లో వచ్చిన చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సర్వీసు వల్ల కలిగిన వైకల్యానికి వీఏ ఏదైనా రేటింగ్ ఇచ్చి ఉంటే, అది 10 శాతమే అయినా, ఆ మాజీ సైనికులు ఈ హోటళ్లలో దిగవచ్చు. పర్పుల్ హార్ట్ అందుకున్నవాళ్లు, యుద్ధఖైదీలుగా ఉండి వచ్చినవాళ్లు, వీఏ దగ్గర నమోదైన ముఖ్య సంరక్షకులు కూడా దీని కిందికే వస్తారు. అయితే ఇక్కడ వీఏ హెల్త్ కార్డు ఆయన పేరు మీద ఉంటుంది, భార్యకి విడిగా కార్డు రాదు. ఆయన వెంట వెళ్లాల్సిందే. రేటింగ్ 100 శాతమైతే మాత్రం భార్యాపిల్లలకీ సొంత కార్డులిస్తారు. విదేశాల్లోని బేస్‌లలో ఈ కొత్త హక్కు ఆ దేశంతో ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

అత్తమామలు, అమ్మానాన్నలు ఇండియానుంచి వస్తే? వాళ్ల ఖర్చులో సగానికి మించి మీవారే భరిస్తున్నారని సైన్యం ఒప్పుకుంటేనే వాళ్లు ఆధారితుల లెక్కలోకి వస్తారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు మీతోపాటు అతిథులుగా ఉండవచ్చు. బేస్ లోపలి లాడ్జి అయితే విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ముందుగా అనుమతి తీసుకోవాలి. టికెట్లు కొనకముందే ఆ బేస్ విజిటర్ సెంటర్‌కి ఫోన్ చేయండి.

ఇక మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని విషయం. ఈ హక్కు భర్త సర్వీసుతో ముడిపడి ఉంది. విడాకులైతే మామూలుగా పోతుంది. పెళ్లయి 20 ఏళ్లు, ఆయన సర్వీసు 20 ఏళ్లు, ఆ రెండూ కలిసి నడిచినవి 20 ఏళ్లు ఉంటేనే, మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు, మిగులుతుంది. సర్వీసులో ఉండగా గానీ రిటైరయ్యాక గానీ భర్త చనిపోతే, మళ్లీ పెళ్లి చేసుకోని భార్యకి కొనసాగుతుంది. ఆ బాధలో ఉన్న మనిషికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి.

బేస్ లాడ్జిల్లో బదిలీ మీద వచ్చిన కుటుంబాలకే మొదటి ప్రాధాన్యం, మిగిలిన గదులే మనకి. అందుకని వేసవి సెలవులకి త్వరగా బుక్ చేసుకోండి. అంతకంటే ముందు మీ కార్డు తీసి దాని గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి.