మీకు తెలుసా? హరికేన్ వెళ్లాకే అసలు పని

హరికేన్ వార్తలు పది రోజుల్లో సద్దుమణుగుతాయి. పడిపోయిన ఇల్లు మళ్లీ నిలబడాలంటే ఏళ్లు పడుతుంది. అమెరికాలో బీమా సొమ్ము, సర్కారు సాయం చాలని కుటుంబాలకు అప్పుడు దిక్కు స్వచ్ఛంద సంస్థలే.

● 1969 ఆగస్టులో కమీల్ హరికేన్ మిసిసిపీ తీరాన్ని ఊడ్చేసింది. సాయానికి సంస్థలు చాలానే కదిలినా, ఎవరికి వారే యమునా తీరే! కొందరికి ఒకే సాయం రెండుసార్లు అందితే, కొందరికి అసలే అందలేదు. ఆ అనుభవంతోనే 1970లో ఏడు సంస్థలు కలిసి ఒక జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి.

● ఇప్పుడు దెబ్బతిన్న ప్రాంతాల్లో చర్చిలు, సేవాసంస్థలు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి. కేస్ మేనేజర్ ఒక్కో కుటుంబం ఫైలు తెరిచి, పేరు బయటపెట్టకుండానే లెక్క చెబుతారు: బీమా ఎంత వచ్చింది, ప్రభుత్వం ఎంత ఇచ్చింది, ఇంకా ఎంత తక్కువపడింది. ఒకరు కప్పు సామాను ఇస్తామంటారు, మరొకరు వడ్రంగులను పంపుతామంటారు, ఇంకొకరు ఆ వచ్చినవాళ్లకు బస, భోజనం చూస్తామంటారు.

● తాతల నాటి ఇల్లే అయినా కాగితం లేకపోతే చిక్కే. కట్రీనా హరికేన్ (2005) తర్వాత లూసియానాలో, మరియా (2017) తర్వాత ప్యూర్టో రికోలో ఎంతోమందికి ఇంటి హక్కు రుజువు చేసుకోలేకే ప్రభుత్వ సాయం అందలేదు. ఉచిత న్యాయసహాయ సంస్థలు వాళ్ల తరఫున పోరాడాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా 2021లో ఇంటి హక్కు రుజువు నిబంధనను సడలించింది.

● న్యూ ఆర్లియన్స్ పక్కనే ఉన్న సెయింట్ బెర్నార్డ్‌లో 2006లో పుట్టిన ఎస్‌బీపీ అనే సంస్థ ఇళ్లు బాగుచేసే పనిని కార్ల కంపెనీ టయోటా దగ్గర నేర్చుకుంది. ఏ రోజు ఏ పని, ఏ సామాను ఎప్పుడు రావాలి అన్నది ముందే గోడమీద బోర్డుకు ఎక్కించడంతో ఇంటికి సుమారు 116 రోజులు పట్టేది దాదాపు సగానికి దిగింది.

● వాలంటీరు చెమటకూ ధర ఉంది! విపత్తు తర్వాత ప్రజా సదుపాయాల పనుల్లో కేంద్ర ప్రభుత్వం సాధారణంగా ఖర్చులో 75 శాతం భరిస్తుంది, మిగతాది స్థానికులే చూసుకోవాలి. నిబంధనలకు తగిన పనైతే, వాలంటీర్ల గంటలకు కూలి లెక్కగట్టి ఆ వాటాలో జమ చేసుకోవచ్చు. అందుకే పార పట్టేముందు రిజిస్టరులో సంతకం: పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని. ఆ పద్దు రాయకపోతే ఊరికి ఆ మేరకు నష్టమే.