నల నామ సంవత్సరం, గెంబున్ 1

పుదుచ్చేరిలో మనం మార్కెట్‌కు వెళ్తే ఆ దగ్గరలోనే ఆనందరంగ పిళ్లై ఇల్లు కనిపిస్తుంది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర ఆయన దుబాసీ, అంటే రెండు భాషల మధ్య మాట నడిపించే పెద్ద ఉద్యోగి. 1736 సెప్టెంబరు నుంచి ఆయన తమిళంలో దినచర్య రాశారు. తమిళుల లెక్కలో ఆ ఏడాది పేరు నల. మన పంచాంగంలోనూ అదే పేరు. కాకపోతే మనకు ఏడాది ఉగాదికి మారితే, తమిళులకు ఏప్రిల్ మధ్యలో మారుతుంది. అందుకే 2025లో మార్చి 30 నుంచి రెండు వారాలు మన ఇంట్లో విశ్వావసు, పక్కింట్లో ఇంకా క్రోధి!

పిళ్లై కలం పట్టిన ఆ 1736 జపాన్‌లో ‘గెంబున్ 1’. అంతకుముందు ఏడాది సకురమాచి చక్రవర్తి సింహాసనమెక్కారు. అందుకని కాలానికి కొత్త పేరు పెట్టి, ఏళ్లను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టారు. ఆ ఏడాదే కొత్త నాణేలు వచ్చాయి. వాటి మీద ‘బున్’ అనే అక్షరం ముద్ర కూడా వేశారు.

మరి 1741లో చక్రవర్తి మారలేదు కదా, పేరెందుకు మారింది? జపాన్‌లోనూ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో 58వ ఏడు రాజ్యాలు తలకిందులయ్యే ఏడని నమ్మకం. ఆ కీడు పోవాలని ‘కంపో’ అని పేరు మార్చారు. 1744లో చక్రం మళ్లీ మొదలైంది, ‘ఎంక్యో’ వచ్చింది. తర్వాత కన్ఎన్, హోరెకి. 1761లో పిళ్లై కన్నుమూసేలోగా జపాన్‌లో చక్రవర్తులు ఇద్దరే, కాలం పేర్లు మాత్రం అయిదు! చక్రవర్తికి ఒక్కటే పేరన్న నియమం 1868లో, మెయిజీతో వచ్చింది.

నల 1976లో మళ్లీ వచ్చింది, 2036లో వస్తుంది. ‘నలలో పుట్టాను’ అంటే ఏ నలో అడగాలి. గెంబున్‌తో ఆ చిక్కు లేదు, అది ఒక్కసారే. కానీ అది ఎప్పటిదో తెలియాలంటే పేర్ల పట్టిక మొత్తం కావాలి. ఈ బాధ అక్కడ ఇప్పటికీ ఉంది. 2019లో ఏప్రిల్ 30న పుట్టిన బిడ్డది హెయ్‌సెయ్ 31, మర్నాడు పుట్టిన బిడ్డది రెయ్‌వా 1. దరఖాస్తుల్లో అలాగే రాస్తారు.

అరవై ఏళ్లు నిండితే మన తాతయ్యకు షష్టిపూర్తి చేస్తాం. జపాన్ తాతయ్యకు ‘కన్రెకి’ చేస్తారు. ఆ రోజు ఆయనకు ఎర్ర టోపీ, ఎర్ర చొక్కా తొడుగుతారు, పసిపిల్లాడికి తొడిగినట్టు.